అడుగున పుట్టి, పైన రాలి: చర్మం తన కవచాన్ని నేసుకునే తీరు

భోగినాడో దీపావళినాడో పొద్దు పొడవకముందే పిల్లల్ని పీట మీద కూర్చోబెట్టి, ఒంటికి నువ్వులనూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నాలుగుసార్లు రుద్దేసరికి మెడ మీదా మోచేతుల దగ్గరా నల్లటి వత్తులు రాలతాయి. "ఎంత మట్టి పట్టిందో చూడరా" అంటుంది నాయనమ్మ. ఆ వత్తిలో పిండి ఉంది, నూనె ఉంది, వీధిలో దుమ్ము కొంత ఉంది. మిగతాదంతా ఆ పిల్లవాడే. నెలా నెలన్నర కిందట అతని చర్మం అడుగున పుట్టి, మెల్లగా పైకి చేరి, పని ముగించుకుని రాలిన కణాలవి. పార్వతి నలుగుపిండితో బిడ్డను చేసుకున్న కథ వింటూ పెరిగినవాళ్లకు ఆ వత్తిలో మనిషి ఉన్నాడంటే మరీ వింతగా తోచకపోవచ్చు.

శాస్త్రవేత్తలదీ చాలాకాలం నాయనమ్మ మాటే. చర్మం పై అంచున ఉండే చచ్చిన కణాల పొరను వాళ్లు చెత్తకింద జమకట్టారు. పరీక్ష కోసం చర్మాన్ని ద్రావకాల్లో నానబెట్టి మైనంలో పోతపోసే పద్ధతి ఈ అపోహకు తోడైంది. ఆ ద్రావకాలకు కొవ్వంతా కరిగిపోయి, పై పొర వదులుగా అల్లిన బుట్టలా కనబడేది. అలాంటి బుట్ట దేన్ని ఆపగలదు? 1964లో ఫిలడెల్ఫియా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఈ వాదాన్ని గట్టిగా ఎదుర్కొన్నాడు. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, బయటి విషాలు లోపలికి దిగకుండా కాస్తున్నది ఆ పలచని చచ్చిన పొరేనన్నాడు. అప్పటి నుంచి ఈ అరవై ఏళ్లలో తేలినదాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కిందనున్న మూలకణం దగ్గర్నుంచి పైనున్న పొలుసు దాకా జరిగేదంతా ఆ పొరను తయారుచేసే పనే.

ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. వంశాన్ని నిలబెట్టే మూలకణం ఏది? అది పైకి బయలుదేరేది ఎవరి మాట మీద? బయలుదేరినది కవచంగా ఎలా మారుతుంది? మూడోదానికి జవాబు కొద్దికొద్దిగా పోగుపడుతూ వచ్చింది. మొదటి రెండింటికి గత ఇరవై ఏళ్లలో దొరికిన జవాబులు మాత్రం పాఠ్యపుస్తకంలోని బొమ్మను తిరగేశాయి.

నాలుగు అంతస్తులు

చర్మంలో పై భాగమైన బాహ్యచర్మం ఒంటి మీద చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. కనురెప్ప మీద అందులో సగమే. అరికాలిలో మిల్లీమీటరు దాటుతుంది. దీనిలో రక్తనాళాలు ఉండవు, తిండీ గాలీ కిందనున్న అంతశ్చర్మం నుంచి ఊరి రావలసిందే. అన్నిటికన్నా అడుగున ఒకే వరుసగా ఆధార పొర. మూలకణాలుండేది అక్కడే. దాని మీద ముళ్ళ పొర. అక్కడి కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే కొక్కేలు సూక్ష్మదర్శినిలో ముళ్లలా కనిపిస్తాయి కనుక ఆ పేరు. దానిపై రేణు పొర. అన్నిటికీ పైన కొమ్ము పొర. పశువుల కొమ్ములోనూ గోళ్లలోనూ ఉండే కెరటిన్ ప్రొటీనే ఇక్కడా ప్రధానం. చాలాచోట్ల కొమ్ము పొరలో పదిహేను, ఇరవై వరుసల పొలుసులుంటాయి. అన్నీ కలిపినా మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించవు.

ఆధార పొర నుంచి కొమ్ము పొర అంచుకు చేరడానికి సుమారు రెండు వారాలు, అక్కడ కాపలా కాసి రాలడానికి మరో రెండు వారాలు. వయసును బట్టి, చోటును బట్టి ఇది నెలన్నర దాకా సాగుతుంది. దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు చాలు. ఆకులోని లాసోన్ అనే రంగుపదార్థం కొమ్ము పొరలోని కెరటిన్‌ను పట్టుకుంటుంది. ఆ పొర మందంగా ఉండే అరచేతిలో బాగా పండేది, మోచేతి పైన వెలిసినట్టుండేది అందుకే. రెండు మూడు వారాలకు రంగు పోతోందంటే, ఆ రంగు పట్టిన కణాలు ఒంటిని వదిలి వెళ్లిపోతున్నాయన్నమాట. గోటి మీది ఎరుపు మాత్రం గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది.

మూలకణం ఏది?

పైనుంచి చూస్తే ఎలుక చెవి చర్మంలోని పొలుసులు ఆరు మూలల పెంకుల్లా ఉంటాయి. ఒకదాని కింద ఒకటి స్తంభాల్లా పేర్చి ఉంటాయి. ఒక్కో స్తంభం అడుగున పది దాకా ఆధార కణాలు. 1974లో మాంచెస్టర్ పరిశోధకుడు క్రిస్టఫర్ పాటెన్ దీని మీద ఒక నమూనా కట్టాడు. స్తంభం నడుమ ఒక్క మూలకణం, దాని చుట్టూ కొన్నిసార్లు మాత్రమే చీలి ఆగిపోయే పిల్లకణాలు. ఊరికొక కరణం ఉన్నట్టు స్తంభానికొక మూలకణం. లెక్క ముచ్చటగా కుదిరింది. ముప్పై ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా కదపలేదు.

2007లో కేంబ్రిడ్జిలో ఫిల్ జోన్స్, బెన్ సైమన్స్ బృందం కదిపింది. ఎలుక తోక చర్మంలో అక్కడొకటి ఇక్కడొకటిగా కణాలకు చెరగని రంగు గుర్తు పెట్టి, ఏడాది పాటు ఒక్కోదాని సంతతిని లెక్కపెట్టారు. పాటెన్ చెప్పింది నిజమైతే ఒక్కో కుటుంబం ఒక స్తంభమంత పెరిగి ఆగాలి. ఆగలేదు. కొన్ని కుటుంబాలు పూర్తిగా అంతరించాయి. మిగిలినవి ఆ ఖాళీల్లోకి పెరుగుతూనే పోయాయి. ఏ కణం నిలుస్తుంది, ఏది పైకి పోతుంది అన్నది ముందే రాసిపెట్టి లేదు. మొత్తం మీద నిలిచేవీ పోయేవీ సరిసమానంగా ఉంటే చర్మం పలచబడదు, మందమెక్కదు. సైమన్స్ భౌతికశాస్త్రం నుంచి వచ్చినవాడు కావడం వల్ల ఈ లెక్క అంత తేటగా తేలింది. 2012లో బ్రస్సెల్స్ నుంచి సెడ్రిక్ బ్లాన్‌పెయిన్ బృందం మరో మాట చేర్చింది. నెమ్మదిగా చీలే మూలకణాలు కొన్ని, త్వరగా చీలే పనివాళ్లు కొన్ని, రెండు రకాలూ ఉన్నాయని, గాయం మానడంలో మొదటి రకానిదే పెద్ద పాత్ర అని. ఈ వాదం ఇప్పటికీ నడుస్తోంది. ఎలుక ఒంటి మీద చోటు మారితే జవాబూ మారుతోంది.

మనిషి సంగతి తేల్చింది మాత్రం జర్మనీలో ఒక పిల్లవాడి ఒళ్లు.

దాని వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. 1975 వరకు మనిషి చర్మకణాన్ని గాజుపాత్రలో ఎక్కువకాలం పెంచడం ఎవరికీ చేతకాలేదు. అమెరికాలో ఎమ్.ఐ.టి.లో హవర్డ్ గ్రీన్, అతని విద్యార్థి జేమ్స్ రైన్‌వాల్డ్ కిటుకు పట్టుకున్నారు. ఎలుక పిండం నుంచి వచ్చిన కణాలను రేడియేషన్‌తో చీలకుండా చేసి, పాత్ర అడుగున పరుపులా వేసి, వాటి మీద చర్మకణాలను చల్లితే అవి తెరిపిలేకుండా పెరిగాయి. 1983లో వయోమింగ్‌లో ఇద్దరు చిన్నపిల్లలు, అన్నదమ్ములు, ఒంట్లో 95 శాతానికి పైగా కాలి బోస్టన్ ఆసుపత్రికి చేరారు. కాలకుండా మిగిలిన చిన్న ముక్క నుంచి గ్రీన్ ప్రయోగశాల పలచటి చర్మపు తెరలు పెంచి ఇస్తే, వాటితో వాళ్ల ఒంటి మీద సగం దాకా కప్పారు. ఇద్దరూ బతికారు.

1987లో గ్రీన్, యాన్ బరాండన్ ఇంకో అడుగు వేశారు. కణాలను ఒక్కొక్కటిగా విత్తి చూశారు. అన్ని విత్తనాలూ ఒకటి కావు. కొన్ని కణాల సంతతి దాదాపు అంతా మళ్లీ పెరిగేదే. వాటికి హోలోక్లోన్ అని పేరు పెట్టారు. కొన్ని మహా అయితే 15 తరాల లోపు అరిగిపోయి, ఉన్నవన్నీ పొలుసులుగా మారిపోతాయి. గాజుపాత్రలో కనిపించిన ఈ తేడా మనిషి ఒంటి మీదా నిజమేనా అన్నది చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది.

2015లో సిరియా నుంచి జర్మనీ చేరిన కుటుంబంలోని ఏడేళ్ల బాబును బోకుమ్ నగరంలో కాలిన గాయాల ఆసుపత్రిలో చేర్చారు. అది కాలిన గాయం కాదు. లామినిన్ అనే ప్రొటీన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే ల్యామ్‌బి3 జన్యువు చెడటంతో బాహ్యచర్మం కింది పొరకు అంటుకోదు, తాకితే చాలు ఊడి వస్తుంది. ఒంటి మీద ఎక్కువ భాగం పచ్చిపుండు. తండ్రి చర్మం అతికిస్తే నిలవలేదు. అప్పుడు ఇటలీలోని మోడెనా నుంచి మిఖేలె దె లూకా బృందం రంగంలోకి దిగింది. పొక్కులు లేని చోట, గజ్జ దగ్గర, 4 చదరపు సెంటీమీటర్ల ముక్క తీసుకున్నారు. ఆ కణాల్లోకి వైరస్ సాయంతో మంచి జన్యువును ఎక్కించి, మొత్తం 0.85 చదరపు మీటరు చర్మం పెంచారు. అంటే తీసుకున్న ముక్కకు రెండువేల రెట్లకు పైనే. 2015 అక్టోబరు, నవంబరు, మరుసటి జనవరి నెలల్లో ఆ తెరలను అతికించారు. బాబు ఒంటి మీద 80 శాతం చర్మం కొత్తదయింది. అతను ఇంటికి వెళ్లాడు, బడికి వెళ్లాడు. తొలి అతుకు పడిన ఆ అక్టోబరు చివరి రోజునే హవర్డ్ గ్రీన్ 90 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ వైరస్ జన్యువును ఒక్కో కణంలో ఒక్కోచోట దూర్చుతుంది. కాబట్టి ప్రతి కణానికీ విడి గుర్తు పడింది. నెలల తర్వాత బాబు చర్మాన్ని మళ్లీ పరీక్షిస్తే, మొదట అతికించిన వేలవేల గుర్తుల్లో చాలావరకు మాయమయ్యాయి. మిగిలినవి హోలోక్లోన్‌ల సంతతి. మనిషి చర్మంలో ఎక్కువకాలం నిలిచే మూలకణాలు కొద్దిపాటివేననీ, మిగిలినవి నాలుగు రోజులు పనిచేసి పోయేవేననీ 2017లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసం చూపింది.

ఎవరి మాట మీద?

తల్లికణం రెండుగా చీలి, ఒక బిడ్డను తన దగ్గర ఉంచుకుని రెండోదాన్ని పైకి నెడుతుంది. ఇదీ పాత ఊహ. పిండదశలో ఇది చాలావరకు నిజం కూడా. ఎలైన్ ఫ్యూక్స్ ప్రయోగశాలలో టెరీ లెక్లర్ 2005లో ఎలుక పిండాల్లో చూపింది అదే. కణం చీలే దిశ నిలువుగా తిరిగి, ఒక బిడ్డ నేరుగా పై అంతస్తులో పడుతుంది.

పెరిగిన చర్మంలో జరిగేది వేరు. యేల్ విశ్వవిద్యాలయంలో వాలెంటీనా గ్రెకో బృందం బతికున్న ఎలుకకు మత్తిచ్చి, చెవిని సూక్ష్మదర్శిని కింద ఉంచి, అవే కణాలను రోజుల తరబడి వెనక్కి వచ్చి చూసింది. 2018లో వాళ్లు చెప్పిన వరుస ఇది. ముందు ఒక కణం ఆధార పొరను వదిలి పైకి లేస్తుంది. పక్కనున్న కణాలు ఒళ్లు పెంచి ఆ ఖాళీలోకి సర్దుకుంటాయి. ఒకటి రెండు రోజులు గడిచాక వాటిలో ఒకటి చీలుతుంది. చీలిక వల్ల ఒత్తిడి పుట్టి పైకి నెట్టడం లేదు. ఆర్టీసీ బస్సులో ఎవరో లేచాకే పక్కనున్నవాడు సీటు మీద జేబురుమాలు వేస్తాడు, ఇక్కడా అంతే. పైకి లేచిన కణం కూడా కొత్త దారి తొక్కకుండా, అప్పటికే ఉన్న స్తంభంలో తన వంతు చోటుకు చేరుతుందని అదే బృందం 2016లోనే గమనించింది. పాటెన్ చూసిన స్తంభాలు నిజమే. స్తంభానికొక యజమాని ఉన్నాడన్నదే నిలవలేదు.

పైన అవసరం పడితే కింద పని పెరుగుతుందన్నదానికి ఇంకా పాత సాక్ష్యం ఉంది. చర్మం మీద సెల్లోటేపు అంటించి పీకుతూ పోతే కొమ్ము పొర వరుస వరుసగా ఊడుతుంది. ఆ గంటల్లో అడుగున కణవిభజన పెరుగుతుంది. కొవ్వు కరిగించే ద్రావకంతో తుడిచినా అంతే. అలా తుడిచిన చోట నీరు ఆవిరి కాకుండా రబ్బరు తొడుగు చుడితే, ఆ పెరుగుదల కొంత తగ్గుతుంది. పై పొరకు చిల్లి పడితే ఆ కబురు అడుగు దాకా చేరుతోందన్నమాట. గడ్డపార పట్టినవాడి చేతులు కాయలు కాయడం, చెప్పుల్లేని కాలికి ఆనెలు రావడం ఇదే పద్ధతిలో, రాపిడి పడినచోట ఉత్పత్తి పెరగడం వల్ల.

ఇక విడి కణానికి ఆ మాట ఎలా వినిపిస్తుంది? మొదటిది పట్టు. ఆధార కణం తన అడుగునున్న పలచటి చాపను ఇంటెగ్రిన్‌లనే కొక్కేలతో పట్టుకుని ఉంటుంది. 1977లో గ్రీన్ చర్మకణాలను జిగట ద్రవంలో, దేనికీ అంటకుండా వేలాడదీస్తే, అవి చీలడం మాని పొలుసులయ్యే దారి పట్టాయి. 1988లో ఫియోనా వాట్ ఇంకో ప్రయోగం చేసింది. కణం బాగా పరుచుకునే జాగా లేనంత చిన్న దీవుల మీద కూర్చోబెడితే, గుండ్రంగా ముడుచుకున్న కణం కూడా అదే దారి పట్టింది. కూర్చునే చోటు ఎంతుందన్నదే కణానికి ఒక ఆజ్ఞ.

రెండోది కాల్షియం. లీటరుకు 0.1 మిల్లీమోల్ లోపు కాల్షియం ఉంటే పాత్రలోని కణాలు ఆధార కణాల్లాగే ఉంటాయి. 1 దాటించితే ఒకదాన్నొకటి పట్టుకుని, పొరలుగా పేర్చుకుని, పొలుసులు కావడం మొదలెడతాయి. హెన్రీ హెన్నింగ్స్, స్టువర్ట్ యుస్పా 1980లో అమెరికా క్యాన్సర్ సంస్థలో దీన్ని చూపారు. అసలు చర్మంలో కూడా అడుగున కాల్షియం తక్కువ, రేణు పొరలో అన్నిటికన్నా ఎక్కువ. మూడోది జన్యువుల మాట. పి63 అనే ప్రొటీన్ లేకుండా పుట్టిన ఎలుకలకు 1999లో రెండు బృందాలు చూసినప్పుడు అసలు బాహ్యచర్మమే లేదు. ఒంట్లో నీరంతా ఆవిరై అవి పుట్టిన కాసేపటికే చనిపోయాయి. పి63 వంశాన్ని నిలబెడితే, నాచ్ అనే సంకేతం పైకి బయలుదేరమంటుంది.

ఇవన్నీ కలిసి ఒక్క క్షణంలో తీర్పు చెబుతాయని అనుకోకూడదు. 2022లో యేల్ బృందమే చూపింది. పై అంతస్తుకే చెందినదని పేరుపడ్డ కెరటిన్ 10ను ఇంకా ఆధార పొరలో ఉన్న కణాలే తయారుచేయడం మొదలెడతాయి. ఆ పని చేస్తూనే ఒకటి రెండుసార్లు చీలుతాయి కూడా. పెళ్లి కుదిరిన పిల్ల పుట్టింట్లో పని చేస్తున్నట్టే.

కవచం కట్టే పని

ముళ్ళ పొరలోకి రాగానే కణం కెరటిన్ 5, 14లను మాని కెరటిన్ 1, 10లను నేయడం మొదలెడుతుంది. కెరటిన్‌లు మారుతున్నాయని 1980లో గ్రీన్ దగ్గర పనిచేస్తూ చూపింది ఫ్యూక్సే. ఈ పోగులు కొక్కేల నుంచి కొక్కేలకు అల్లుకుని, కణాలన్నిటినీ ఒకే నేతగా బిగిస్తాయి. రేణు పొరలో ముదురు గింజలు కనిపిస్తాయి. వాటిలో ఫిలాగ్రిన్‌కు ముడిసరుకు ఉంటుంది. నూటయాభై ఏళ్లుగా తెలిసిన ఈ గింజలు నిజానికి గింజలు కావనీ, పులుసులో నూనె తేలినట్టు కణద్రవంలో విడివడి ఏర్పడే చుక్కలనీ 2020లో ఫ్యూక్స్ ప్రయోగశాల తేల్చింది. కణంలో ఆమ్లత్వం మారగానే ఆ చుక్కలు కరిగిపోతాయి. ఫిలాగ్రిన్ విడుదలై కెరటిన్ పోగులను కట్టలుగా కడుతుంది.

మరోవైపు కణం గోడ లోపలి వైపు ఇన్వాల్యుక్రిన్, లోరిక్రిన్ వంటి ప్రొటీన్‌లను ట్రాన్స్‌గ్లుటమినేస్ అనే ఎంజైము ఒకదానికొకటి కుట్టేస్తుంది. మిల్లీమీటరులో లక్షో వంతు మందం ఉండే ఆ కవచాన్ని డిటర్జెంటు నీళ్లలో ఉడకబెట్టినా కరగదు. అదే సమయంలో చిన్న సంచుల్లో దాచుకున్న కొవ్వును కణం బయటికి కక్కుతుంది. సెరమైడ్, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు, ఈ మూడూ పొలుసుల మధ్య పరుచుకుంటాయి. పొలుసులు ఇటుకలు, కొవ్వు వాటి మధ్య సున్నం అని శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యుడు పీటర్ ఎలయాస్ చెప్పిన పోలిక ఈ రంగంలో అందరి నోటా ఉంది.

మరి రోజూ ఇటుకలు మారుతుంటే గోడ కారకుండా ఎలా నిలుస్తోంది? జపాన్‌లో మసయుకి అమగై బృందం 2016లో దీనికి లెక్కల పుస్తకంలోంచి జవాబు తీసింది. ఖాళీ లేకుండా చోటును నింపడానికి 1887లో లార్డ్ కెల్విన్ సూచించిన 14 ముఖాల ఆకారాన్ని అదిమి చదునుచేస్తే, రేణు పొర కణాలు సరిగ్గా అలా ఉన్నాయి. పాతకణం తప్పుకునేలోపే కింది కణం అంచులు దాని స్థానంలో ముడిపడతాయి. ఇదే బృందం 2021లో చివరి ఘట్టాన్ని బతికున్న ఎలుకలో చూసింది. రేణు పొర పై వరుస కణంలో కాల్షియం పెరిగి చాలాసేపు నిలుస్తుంది. ఆ తర్వాత కణం లోపలంతా ఒక్కసారిగా ఆమ్లమవుతుంది. కేంద్రకం కరిగిపోతుంది. మామూలు కణమరణంలో శవాన్ని పక్క కణాలు మింగేస్తాయి. ఇక్కడ శవమే కావాలి.

కొమ్ము పొరకు వచ్చాక కూడా పని ఆగదు. ఫిలాగ్రిన్ ముక్కలై అమైనో ఆమ్లాలుగా మారి, పొలుసులో తడిని పట్టి ఉంచుతుంది. చర్మం ఉపరితలంలో ఆమ్లత్వం పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. పొలుసుల మధ్య ముడులను విప్పే ఎంజైములు ఈ ఆమ్లంలో నెమ్మదిగా, కట్టడిలో పనిచేస్తాయి. అందుకే కణాలు కంటికి కనబడనంత సన్నగా, ఒక్కొక్కటిగా రాలతాయి.

ఎక్కడ తెగితే ఏ జబ్బు

ఈ తయారీలో ప్రతి మెట్టుకూ ఒక జబ్బు పేరుంది. కెరటిన్ 14 చెడితే అడుగు వరుస కణాలే చిట్లి బొబ్బలు లేస్తాయి. 1991లో ఎలుకల్లోనూ రోగుల్లోనూ ఇది రుజువయింది. కుట్లు వేసే ఎంజైము లోపిస్తే బిడ్డ మెరిసే తోలుసంచిలో చుట్టినట్టు పుడుతుంది. కొవ్వును సంచుల్లోకి ఎక్కించే ఏబీసీఏ12 ప్రొటీన్ లోపిస్తే చర్మం మందపాటి పలకలుగా బీటలువారుతుంది. ముడులు విప్పే ఎంజైములకు కళ్లెం వేసే ప్రొటీన్ లేకపోతే పై పొర నిలవకుండా ఊడుతుంది.

అరుదైనవి అటుంచితే, అందరికీ తెలిసిన జబ్బులూ ఈ దారిలోవే. 2006లో డండీ నగరంలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం ఫిలాగ్రిన్ జన్యువులో లోపాలు పట్టుకుంది. ఉత్తర ఐరోపా వాళ్లలో పదింట ఒకరికి ఈ లోపం ఉంది. చేపపొలుసు చర్మానికి అదే కారణం; పిల్లల్లో వచ్చే దురద ఎగ్జిమాకు అదే పెద్ద ముప్పు. గోడకు బీట పడ్డాకే లోపల అలజడి మొదలవుతుందని వైద్యులు నమ్మడానికి ఈ పరిశోధన కారణమయింది. సోరియాసిస్‌లో కథ రివర్సు. రోగనిరోధక కణాల సంకేతాలకు అడుగు పొర పరుగందుకుంటుంది. నెల పట్టే ప్రయాణం కొద్ది రోజుల్లో ముగుస్తుంది. పండకముందే కోసిన కాయల్లా, కేంద్రకాలు కూడా కరగని పొలుసులు వెండిరంగులో రాలతాయి.

తిండి కూడా ఈ గోడలో ఇటుకే. గోడకు అతి ముఖ్యమైన సెరమైడ్‌లో లినోలియిక్ ఆమ్లం ఉండాలి. అది ఒంట్లో తయారు కాదు. 1929లో బర్ దంపతులు కొవ్వు లేని తిండి పెట్టిన ఎలుకలకు పొలుసుల చర్మం రావడం చూశారు. పేద పిల్లల మోచేతులు, మోకాళ్ల మీద ముళ్లలా లేచే 'కప్పచర్మం' కూడా ఈ కొరత వల్లనేనా అన్న ప్రశ్నను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చాలాకాలం వెంబడించారు. నెలలు నిండని పిల్లలది ఇంకో కష్టం. 34 వారాల లోపు పుడితే కొమ్ము పొర ఇంకా సిద్ధం కాదు. ఢాకా శిశు ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె రాస్తే, ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో 'లాన్సెట్' ప్రచురించింది. ఆ నూనెలో లినోలియిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. అదే పరిశోధకులు ఎలుకల మీద ఆవనూనె రాసినప్పుడు గోడ కోలుకోవడం ఆలస్యమయింది. నూనెలన్నీ ఒకటి కావు.

మరమ్మతు ఎంతవరకు?

కాలిన రోగికి చనిపోయినవారి చర్మం కప్పితే అది తాత్కాలికమే. రోగనిరోధక వ్యవస్థ దాన్ని కొన్ని వారాల్లో వెళ్లగొడుతుంది. అయినా ఆ వారాలే ప్రాణం నిలుపుతాయి. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో స్కిన్ బ్యాంకు పెట్టింది అందుకే. సొంత మూలకణాలతో పెంచిన చర్మమైతే శాశ్వతం. కానీ ఖరీదు ఎక్కువ, పెంచడానికి వారాలు పడుతుంది. ఆ తెరలో చెమటగ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు ఉండవు. అవి వేరే మూలకణాల సంతతి.

ఇదే విద్య కంటికి పనికొచ్చిన కథ మాత్రం తెలుగునేల మీదే నడిచింది. కనుపాప మీది పారదర్శక పొరకు మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. సున్నమో యాసిడో పడితే అవి చచ్చిపోతాయి. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ 2000ల తొలి సంవత్సరాల్లోనే మంచి కంటి నుంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పెంచి, పాడైన కంటికి అతికించడం మొదలెట్టింది. 2012లో వీరేందర్ సంగ్వాన్ బృందం ప్రయోగశాల అక్కర్లేని పద్ధతి ప్రచురించింది. ఆ ముక్కనే చిన్నచిన్న తునకలు చేసి కంటి మీదే నాటడం. నారు వేరేచోట పోయకుండా పొలంలోనే వెదజల్లినట్టు. ఖర్చు బాగా తగ్గింది.

ముసలితనం, క్యాన్సరు కూడా చివరికి ఈ ఉండటం, పోవడం లెక్కలోకే వస్తాయి. 2015లో కేంబ్రిడ్జి పరిశోధకులు నలుగురి కనురెప్పల నుంచి, ఆపరేషన్‌లో తీసేసిన మామూలు చర్మాన్ని 234 ముక్కలుగా చదివారు. పైకి ఏ జబ్బూ లేని ఆ చర్మంలో 18 నుంచి 32 శాతం కణాలు ఏదో ఒక క్యాన్సరు జన్యువులో మార్పుతో ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా మారినది నాచ్, పైకి బయలుదేరమని చెప్పే సంకేతం. ఆ మాట వినని కణం ఆధార పొరలోనే తిష్ఠ వేసి, ఎండదెబ్బ తిన్న ప్రతి ఏటా తన వంశాన్ని పెంచుకుంటుంది.

ఇంట్లో చేయవలసినవి

ఇదంతా చదివినవారికి నలుగు మానమని చెప్పడం లేదు. నూనె పట్టించి మెత్తని చేత్తో రుద్దితే రాలేవి రాలవలసినవే. పీచుతో ఎర్రబడేదాకా తోమితే మాత్రం పోయేది మట్టి కాదు, ఇంకో వారం కాపలా ఉండవలసిన వరుసలు. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దగ్గర ఉంటుంది. దానితో రోజుకు నాలుగుసార్లు కడిగితే ముడులు విప్పే ఎంజైములు చెలరేగుతాయి, కొవ్వు తయారుచేసేవి మందగిస్తాయి. చలికాలంలో చర్మం తెల్లగా పేలడానికి, మడమలు పగలడానికి ఇదీ ఒక కారణం. స్నానం చేసి తుడుచుకున్న వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే నూనో మాయిశ్చరైజరో రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ముఖం తెల్లబడుతుందని మందుల షాపులో అడిగి కొనే ట్యూబు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్, వీటిలో ఏ పేరు కనిపించినా అది స్టిరాయిడ్. ఎగ్జిమా, సోరియాసిస్ రోగులకు డాక్టరు చెప్పిన మోతాదులో అది మంచి మందు. చీటీ లేకుండా నెలల తరబడి ముఖానికి రాస్తే ఆధార పొరలో కణవిభజన మందగించి, చర్మం సిగరెట్టు కాగితంలా పలచబడి, కింది రక్తనాళాలు ఎర్రటి దారాల్లా బయటపడతాయి. ఇంట్లో అలాంటి ట్యూబు ఉంటే దాని మీది పేరు ఈరోజే చదవండి. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుడికి చూపించండి.